రెండు బెంచీల టిష్యూ ప్యాకెట్లు

ఆ రోజుల్లో సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగమంటే మావాళ్ళు నన్ను చూసే చూపే వేరుగా ఉండేది. బూన్ లే పేటలోని ఫ్లాట్‌లో ఆరుగురం ఒకే బాత్రూమ్ ముందు వరసలో నిలబడతామని వాళ్ళకేం తెలుసు? (నేనూ చెప్పలేదు లెండి.) వచ్చిన మూడు నెలలకే ఇక్కడివాణ్ణయిపోయానని తెగ మిడిసిపడేవాణ్ణి. కారణం టిష్యూ ప్యాకెట్. తిండికొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఖాళీ కుర్చీ మీద అదొకటి పడేసి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళొచ్చు, అందులో ఇంకెవరూ కూర్చోరు. దాన్ని ‘చోప్’ చేయడం అంటారు. "ప్యాకెట్ పెట్టామంటే పట్టా వచ్చినట్టేరా" అని నేర్పింది నా రూమ్మేటు, మేం గుంటూరు బావ అని పిలిచే మహానుభావుడు.

మా టీమ్ లీడ్ పోలెండ్ ఆవిడ. చాటున మేమంతా పోలెండక్క అనేవాళ్ళం. వాళ్ళ దేశం నుంచి వెళ్ళి పోప్ అయిన పెద్దాయన కన్నుమూసిన వారం అది. మోకాలి ఆపరేషన్ అయి కుంటుతున్న ఆవిడ, అంత్యక్రియలకు వెళ్ళలేక కుమిలిపోతోంది. "సాయంత్రం చర్చిలో ఆయన కోసం ప్రార్థన ఉంది. నువ్వు ముందు వెళ్ళి నాకొక్క చోటు చూసిపెడతావా?" అని అడిగింది. ఒక్క చోటే! నాలాంటి సమర్థుడు ఒక్కదానితో ఊరుకుంటాడా? డజను టిష్యూ ప్యాకెట్లు కొని, ముందున్న రెండు బెంచీల నిండా మూరకొకటి చొప్పున పేర్చి, దర్జాగా టీ తాగడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి చర్చి కిటకిటలాడుతోంది. నా బెంచీలు రెండూ మాత్రం ఖాళీ. పక్కనే ముసలివాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు, ఒకావిడ చేతికర్ర మీద వాలిపోతోంది. అయినా ఒక్కరు కూడా ప్యాకెట్ ముట్టుకోలేదు. పూలు సర్దుతున్న ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని, "హూ చోప్ వన్? దిస్ ఈజ్ చర్చ్ లా, నాట్ హాకర్ సెంటర్!" అని సింగపూర్ ఇంగ్లీషులో కేకేసింది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే పోలెండక్క కుంటుకుంటూ వచ్చి, నా చోటేది అంది. వేలు పెట్టి చూపించాను.

"మిగతావన్నీ ఎవరికి?"

"మన టీమ్‌కి..." అని నసిగాను. (టీమ్‌లో ఒక్కడూ రాలేదు.)

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుని, ముసలివాళ్ళను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తన చోటు కూడా చేతికర్రావిడకిచ్చి, నా భుజం పట్టుకుని నిలబడింది. "నా చిన్నప్పుడు ఆయన మా ఊరొచ్చారు," అంది మెల్లగా. "అప్పుడు మాది కమ్యూనిస్టు సర్కారు, చుట్టూ పోలీసులు. ఎవరు ఎవరి మీద చాడీలు చెబుతారోనని పక్కింటివాళ్ళతో కూడా మాట్లాడని రోజులవి. ఆయన్ను చూడ్డానికి మైదానంలో మా అమ్మ ఆరు గంటలు నిలబడింది. జనం జరిగి జరిగి ఒకళ్ళకొకళ్ళు చోటిచ్చుకున్నారట. ఇంతమందిమి ఉన్నామా అని అప్పుడే తెలిసిందట. సర్కారంటే భయం ఆ రోజే పోయిందని చెప్పేది."

ప్రార్థన సాగినంతసేపూ ఆవిడ బరువు నా భుజం మీదే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. మధ్యలో ఆవిడ నా ప్యాకెట్ ఒకటి చింపి కళ్ళు తుడుచుకుని, ఇంకో టిష్యూ నా చేతిలో పెట్టింది. నేనూ ఏడుస్తున్నానని అప్పుడుగాని తెలియలేదు.

ఇప్పటికీ హాకర్ సెంటర్‌కి వెళితే మా అమ్మాయి, "డాడీ, చోప్ లా!" అని తొందరపెడుతుంది. ప్యాకెట్ జేబులోనే ఉంటుంది, తీయబుద్ధి కాదు. ఒకప్పుడు రెండు బెంచీలకు పట్టాదారుణ్ణి, ఇప్పుడు పళ్ళెం పట్టుకుని వెర్రిమొహంతో నిలబడతాను. ఎవరో ఒకరు కాస్త జరుగుతారు.