కెమెరాకి భయపడి దాచుకున్న జ్వరం

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజుల్లో ఒక ఉదయం, పోర్టు గేటు దగ్గర కంటైనర్ నంబరు చదువుతూ మధ్యలో ఆగిపోయాను. అక్షరాలు, అంకెలు కలిపి పదకొండు. పదహారేళ్లుగా ఒక్క గుక్కలో అరిచి చెప్పేవాణ్ణి. ఆ రోజు ఏడో దాని దగ్గరే ఊపిరి అందలేదు. పక్కన రాసుకుంటున్న అప్పలరాజు తలెత్తాడు.

"ఏటి బావా, అలా రొప్పుతన్నావ్?"

"ఏటీ లేదు, ఎండ," అన్నాను. పొద్దున్నే ఏడింటికి ఎండేమిటి, నా మొహం!

అసలు సంగతి, రెండు రోజులుగా జ్వరం. మనుషులు దగ్గరగా మసలకూడదని, ఎప్పుడో తెద్దామనుకున్న, నంబర్లు చదివే ఏఐ కెమెరాల్ని మా కంపెనీ హడావుడిగా గేటు మీద బిగించింది. ట్రయల్ నడుస్తోంది. తుప్పు పట్టి చెరిగిన నంబర్ల దగ్గర అవి తడబడేవి. మేమైతే గుడ్డతో తుడిచి చదివేసేవాళ్లం. ఇప్పుడు సెలవు పెడితే నా ఉద్యోగం వాటికే పోతుందని భయం. పారాసిటమాల్ మింగి, రెండు మాస్కులు కట్టుకుని డ్యూటీకి వెళ్లాను. పక్కవాళ్లకి అంటిస్తానన్న ఆలోచనే రాలేదు. రాయడానికే సిగ్గుగా ఉంది.

మూడోనాడు ఇంటి మెట్ల మీద కూలబడ్డాను. నా భార్య సుగుణ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆక్సిజన్ శాచురేషన్ ఎనభై ఆరు. సీటీ స్కాన్ తీశారు గానీ, అది చదవాల్సిన డాక్టరే క్వారంటైన్‌లో ఉన్నాడట.

"ఇప్పుడు స్కాన్ ముందు ఏఐ చూస్తోందమ్మా," అంది డ్యూటీ డాక్టరమ్మ సుగుణతో. "లంగ్స్ రెండూ బాగా ఎఫెక్ట్ అయ్యాయని చెప్పింది. నేనూ చూశాను, నిజమే. వెంటనే ఆక్సిజన్ పెడుతున్నాం."

నా పొట్ట కొడుతుందనుకున్న ఏఐయే నాకు ఆక్సిజన్ బెడ్ ఇప్పించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పన్నెండు రోజులు ఆక్సిజన్. స్టెరాయిడ్స్ వల్ల షుగర్ పెరిగి ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంటికొచ్చాక మళ్లీ ఆయాసం, మళ్లీ అడ్మిషన్. పీపీఈ కిట్టులో చెమటలు కక్కుతూ ఒక సిస్టర్ నన్ను బోర్లా పడుకోమని కసిరేది: "తిరుగు నాన్నా, ఏటా మొండితనం!" ఆమె మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ప్రతి ఆదివారం చర్చిలో ఆమె కోసం ప్రార్థిస్తాను.

మూడు నెలల తర్వాత గేటుకి వెళ్లేసరికి కెమెరాలు పూర్తిగా పనిలోకి దిగిపోయాయి. ఎనిమిది మందిలో ఇద్దర్ని ఉంచారు, కెమెరా చదవలేని నంబర్లు స్క్రీన్ మీద చూసి సరిచేయడానికి. ఆ ఇద్దరిలో అప్పలరాజు ఉన్నాడు. వాడు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి తన పేరు తీయించి నా పేరు రాయించాడు.

"నాను సముద్రం మీద ఏటకెల్లి బతికేత్తాను బావా. నువ్విప్పుడు వల లాగలేవు, బస్తా మొయ్యలేవు. కుర్సీ పని నీకే ఉండాల," అన్నాడు. నేను జ్వరం దాచిన రోజుల్లో వాడికీ అంటుకుందని, తేలిగ్గా తగ్గిపోయిందని అప్పుడే తెలిసింది. వాడి చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

ఇప్పుడు ఆరోగ్యం ఫర్వాలేదు. మెట్లెక్కితే కాస్త ఆగాలి, అంతే. వారానికోసారి వాడు చేపలు తెచ్చిస్తాడు, డబ్బులిస్తే తిడతాడు.

చదివేవాళ్లకి ఒక్క మాట. ఉద్యోగం పోతుందని జ్వరం దాచకండి. ఆ భయమేదో ముందు పక్కనున్న మనిషికి చెప్పండి. నేను మొదటి రోజే చెప్పుంటే, "ఇంటికి పో బావా, నాను సూసుకుంటాను," అని అప్పలరాజు ఆ రోజే అనేవాడు.