మామ చూపించిన ఐదేళ్ల కోర్సు

ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో నాకు డాక్టరు సీటు రాదని తేలిపోయింది. వచ్చిన ర్యాంకుకు మిగిలింది ఫార్మసీ ఒక్కటే. మాది పెద్దమందడి దగ్గర పల్లె. నాన్న పల్లికాయ, కంది వేస్తాడు. ఏ కోర్సు చదివితే ఏమవుతారో ఆయనకు తెలియదు. చదువుల మాట వస్తే అమ్మ తన తమ్ముడికి ఫోను చేసేది. గద్వాలలో మెడికల్ షాపు నడిపే ఆ మేనమామ మా చుట్టాలందరిలో చదువుకున్నవాడు.

ఒక ఆదివారం మామ మా ఇంటికొచ్చి ఫోనులో ఒక యూనివర్సిటీ పేజీ చూపించాడు. ఫార్మసీ, ఎంబీఏ రెండూ కలిపి ఐదేళ్లు. కాలేజీ హైదరాబాదు పక్కన.

"ఉత్త ఫార్మసీ చదివి ఏం జేస్తవ్ బిడ్డా? నా లెక్క దుకాణంల నిలబడ్తవ్. గిదైతే మందు తెలుస్తది, మందు అమ్ముడు తెలుస్తది. కంపెనీలల్ల పెద్ద కుర్సీ దొరుకుతది. ఫీజు సంగతి నాకిడిసిపెట్టు."

నాన్న నా వైపు తిరిగాడు. "నీకిష్టమేనా?"

"ఏమో" అన్నాను. నిజంగానే నాకేమీ తోచలేదు.

"కౌన్సెలింగుకు ఇంక టైం ఉన్నది. అప్పటిదాంక నా దుకాణంల నిలబడనీయ్ బావా. దానికే తెలుస్తది" అన్నాడు మామ. మరునాడే ఆయన వెంట గద్వాల బస్సెక్కాను.

షాపులో మొదటి వారం ఊడవడం, అట్టపెట్టెలు విప్పడం, అల్మారాల్లో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం. గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఒకటి అద్దం కట్టించి ఉండేది. అందులోని ఫొటో మనిషిని ఆ షాపులో నేనొక్కసారి కూడా చూడలేదు. ఎవరని అడిగితే "మనోడే, లైసెన్సు కాయిదం కోసం" అన్నాడు మామ. రెండో వారానికి డాక్టరు చీటీలు చదవడం వచ్చేసింది. నాకు సరదాగానే ఉండేది. ఎవరైనా జ్వరమని వచ్చి మందు తీసుకుపోతుంటే నేనే బాగుచేసినంత గొప్పగా అనిపించేది.

కౌంటరు దగ్గర ఆడపిల్ల కనబడేసరికి ఆడవాళ్లు నేరుగా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకామెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ముప్పై ఏళ్లుంటాయేమో. చీరలకు ఫాల్స్ కుట్టేది, కొంగులకు కుచ్చులు వేసేది. ఆమె వేళ్లకు ఎప్పుడూ రంగు దారాల నూగు అంటుకుని ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడు షాపులో మగవాళ్లు పోయేదాకా పక్కన నిలబడి, తర్వాత బ్లౌజులోంచి మడతపెట్టిన పాత చీటీ తీసింది. ఫిట్సు మాత్రలు.

"పెండ్లికి ముందు నుంచి ఏస్కుంటున్న. మా అత్తగారింట్ల తెల్వదు. నువ్వున్నవని జర ధైర్యమైంది" అంది నెమ్మదిగా. పుట్టిల్లు కొల్లాపూర్ అనీ, నాలుగేళ్ల కూతురుందనీ, బిడ్డ పుట్టాక ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదనీ చెప్పింది.

తర్వాతి నెల ఆమె వచ్చేసరికి ఆ మాత్ర షాపులో లేదు. మామ దాని బదులు వేరే కంపెనీ సరుకు తెప్పించాడు. అందులో మిగులు ఎక్కువ. ఆ మాట ఆయన నా దగ్గర దాచలేదు. పైగా పాఠంలా చెప్పాడు. "సాల్టు, అంటె లోపలి మందు, గదే. అట్ట మీద పేరే వేరే. గిరాకి అడిగితే గదే మందని గట్టిగ చెప్పాలె. నువ్వు నసిగితే వాళ్లకు డౌటొస్తది. రేపు ఎంబీఏల గిదే నేర్పిస్తరు."

అక్క కొత్త అట్టను వెనకా ముందూ తిప్పి చూసింది. పాతది తెల్లగా ఉండేది, ఇది లేత గులాబీ రంగు.

"గిది గదేనా?"

"అదే మందు అక్కా. కంపెనీ వేరే అంతే" అన్నాను. మామ నేర్పినట్టు గట్టిగానే అన్నాను. ఆమె తలూపి సంచిలో పెట్టుకుంది.

పద్దెనిమిది రోజుల తర్వాత ఆమె ఆడబిడ్డ పెళ్లి పనులు మొదలయ్యాయి. పసుపు దంచుతుండగా, వాకిట్లో చుట్టాలందరూ చూస్తుండగా అక్క రోలు మీదికి ఒరిగిపోయింది. ఈ సంగతి షాపుకొచ్చిన అక్కవాళ్ల వీధి ఆమె ఎవరితోనో చెబుతుంటే విన్నాను. పన్ను విరిగిందట. నోటి నిండా నెత్తురట. "మూర్ఛరోగం దాచిపెట్టి పెండ్లి జేసిండ్రంట" అంటోంది. నా చేతిలోని దగ్గు మందు సీసా కౌంటరు మీద పెట్టేసి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

మామకు చెబితే ముందు కోప్పడ్డాడు, తర్వాత నెమ్మదించాడు. "పెండ్లి పనులల్ల నిద్ర లేకుంటె గూడ వస్తది బిడ్డా. మన మాత్రకే వచ్చిందని ఎట్ల చెప్తవ్? ఊకె పరేషాన్ గాకు."

అది కూడా నిజమే కావచ్చు. మా ఇంటర్ కాలేజీలో పాఠం చెప్పిన సారు వాళ్లన్న వనపర్తిలో ఫార్మసీ పాఠాలు చెబుతాడని తెలిసి, సారు ద్వారా ఆయనకు ఫోను చేశాను. ఆయన అంతా విని, ఫిట్సు అదుపులో ఉన్న మనిషికి డాక్టరును అడగకుండా కంపెనీ మార్చకూడదన్నాడు. అందువల్లే వచ్చిందా అని అడిగాను. "అది ఎవరూ చెప్పలేరమ్మా" అన్నాడు.

అక్కను పుట్టింటికి పంపేశారని తెలిసింది. ఊరికి పోతానని మామతో చెప్పి నేను కొల్లాపూర్ బస్సెక్కాను. ఆ వీధి ఆమె చెప్పిన గుర్తులతో ఇల్లు వెతుక్కున్నాను. వాళ్లమ్మ తలుపు తీసి నీళ్లిచ్చింది. అక్క వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవి మీద కుట్లు. బిడ్డ కనబడలేదు. అడగకముందే చెప్పింది.

"పాపను పంపలే. నా దగ్గరుంటె దానికి గూడ అంటుకుంటదంట."

క్షమించమనడానికి నేను దారంతా మాటలు కూర్చుకున్నాను. మాత్ర మార్చింది మేమేనని, అలా మార్చకూడదని నాకు తర్వాతే తెలిసిందని మాత్రం చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది.

"నేను అడిగిన గదా, గిది గదేనా అని. నీకు తెల్వకపోతే తెల్వదని అంటె అయిపోతుండె. డాక్టర్ దగ్గర్కి పోయి అడుగుతుంటి."

తిట్టినట్టుగా అనలేదు. జరిగినది జరిగినట్టు చెప్పింది. వాళ్లమ్మ తిని పొమ్మంది. తినలేకపోయాను.

కౌన్సెలింగు రోజు నాన్న, నేను వనపర్తిలో నెట్ సెంటరుకు వెళ్లాం. మామ అప్పటికే యూనివర్సిటీ వాళ్లతో మాట్లాడి నాకోసం ఒక సీటు పట్టి ఉంచాడు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. నాకేమీ గొప్ప పట్టుదల లేదు. రెండు చదువులూ తెలిసిన మనిషే అలాంటి తప్పు జరగకుండా ఆపగలదని ఒక మనసు అంది. కానీ ఆ షాపులో నేను ముందు నేర్చుకున్నది అమ్మడమే, మందు గురించి నేర్చుకున్నది ఆ తర్వాత. ఆ వరస మళ్లీ ఐదేళ్లు చదవాలంటే భయమేసింది. మామ పాఠం నాకు ఎంత తొందరగా వచ్చేసిందో నాకు తెలుసు. అక్కకు మార్చిచ్చిన మందు సంగతి నాన్నకు అప్పుడే మొదటిసారి చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని విన్నాడు.

"మీ మామకు నేను చెప్పలేను. నువ్వే చెప్పు" అన్నాడు.

ఫోనులో మామ అరవలేదు. "ఒక్క గిరాకి కోసం బతుకు పాడు జేస్కుంటున్నవ్" అని పెట్టేశాడు. నేను ఉత్త ఫార్మసీకి ఆప్షన్లు పెట్టాను. ఆ ఏడాది మామ పండుగలకు మా ఇంటికి రాలేదు. తనకూ తమ్ముడికీ మధ్య నేనొచ్చానని అమ్మ ఏడ్చేది, నాతో మాత్రం ఒక్క మాటా అనేది కాదు. అంటే బాగుండేది.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర పని చేస్తున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మళ్లీ రాయించుకోవాలి. తిమ్మాజిపేట వైపు నుంచి, అడవి పల్లెల నుంచి పొద్దున్నే వచ్చి లైనులో నిలబడతారు. ఒక్కోరోజు రాసిన మందు మా దగ్గర ఉండదు. బయట కొనుక్కోమంటాను. వాళ్లు ఏ దుకాణానికి పోతారో, అక్కడ ఏం చేతిలో పెడతారో నేను చూడలేను. నాతో ఇంటర్ చదివిన పిల్ల ఒకతె అలాంటి ఐదేళ్ల కోర్సే చేసి మందుల కంపెనీలో మంచి ఉద్యోగంలో ఉంది. మంచి పిల్ల. ఆమె గురించి చెడ్డగా అనుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

కొల్లాపూర్‌కు మళ్లీ వెళ్లలేదు. అక్క భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడని, పాప అతని దగ్గరే పెరుగుతోందని విన్నాను. మా అమ్మ ఈమధ్య ధైర్యం చేసి అడిగింది, ఆ సీటు వదులుకోకపోతే బాగుండేది కదా అని. అన్నం కలుపుతూ, కావచ్చమ్మా అన్నాను.