గంజి గుడ్డ కవచం

సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, రాజపాళయంలోని మా మామ మిల్లులో సైనికుల ఛాతీకి కట్టే పలకలు చేసి చూశాం. నూలుగుడ్డను పొరలు పొరలుగా అంటించి, ఏ జిగురు దెబ్బకు ఆగుతుందో తేల్చడం నా పని. ఏ జిగురు పూసినా, పరీక్షకు పైనుంచి ఇనపగుండు వేయగానే పొరలు విడిపోయేవి.

ఊడిన పొరను తడిపి నలిపితే చేతికి గంజి అంటింది. నేతకు ముందు నూలుకు పట్టించే గంజి అది. దాన్ని ఉతికించకుండానే మామ గుడ్డ పంపించాడు. జిగురు పట్టుకున్నది గంజిని, నూలును కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గంజి తీసిన గుడ్డ ఇయ్యమని చెప్పినాను గదా మామా!"

"గంజి తీస్తే గుడ్డ పీలికలా వేలాడదా? మన ఊరి గుడ్డ బిర్రుగా ఉండాల. పలకను నేను చేత్తో పీకి చూసినాను, పొర ఊడలేదు. సరి, సైన్యానికి పంపించు."

ఒక పలక తీసి ఆయన ఛాతీకి కట్టాను. కొలత చూస్తున్నాననుకుని నవ్వుతూ కట్టించుకున్నాడు. నేను గుండు ఎత్తాను. మామ చేతులు పలక ముడి మీదికి పోయినాయి.

"విప్పకండి మామా," అన్నాను. "ఆడ సరిహద్దులో సైనికులకు విప్పుకునే వీలుండదు."