అత్తవారి నూతిలో సబ్‌మెరైన్

ఓడ మునగాలంటే సముద్రం ఉండాలని మీరు అనుకుంటూ ఉంటారు. అక్కర్లేదు. అత్తవారి పెరట్లో ఒక నుయ్యి, చేతికందే దూరంలో ఒక ఇత్తడి మరచెంబు, బుర్రలో కాస్త విజ్ఞానం ఉంటే చాలు. మొదటి రెండూ మా మామగారింట్లో ఉన్నాయి, మూడోది నేను పట్టుకెళ్లాను. ఈ మూడూ కలిసి ఒక వేసవి మధ్యాహ్నం ఎంత ప్రళయం తెచ్చాయో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను చోడవరంలో సైన్సు మాష్టారిని. కొత్తగా పెళ్లయింది. పేకాట, సిగరెట్లు లాంటి వ్యసనాలేవీ లేవని విచారించుకునే మా మామగారు పిల్లనిచ్చారు. నాకున్న వ్యసనం గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మునిగిపోయిన ఓడలంటే నాకు పిచ్చి. టైటానిక్ అట్లాంటిక్ అడుగున ఎక్కడ పడి ఉందో అప్పటికింకా లోకంలో ఎవరికీ తెలియదు. నేను మాత్రం అద్దె ఇంటి గోడకి అట్లాంటిక్ మ్యాపు అంటించుకుని, అన్నం తిన్నాక కాసేపు దాన్ని వెతుకుతూ ఉండేవాణ్ణి. దానికి తోడు, డెబ్భై ఒకటి యుద్ధం రోజుల్లో విశాఖపట్నం పక్కనే శత్రువుల సబ్‌మెరైన్ ఒకటి మునిగిందన్న కబురు వచ్చింది. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది నా పని.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సత్యవతితో నేనాడిన సరసం ఏమిటో తెలుసా? "సబ్‌మెరైన్ లోపల గాలి అయిపోతే ఏమవుతుందో చెప్పు చూద్దాం" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "పోనీ కిటికీ తీసుకోరేటండీ?" అంది.

అత్తవారిది రావికమతం దగ్గర పల్లె. ఆ వేసవిలో అమ్మవారి పండక్కి రమ్మంటే, మాడుగుల హల్వా పొట్లం చేత్తో పట్టుకుని దిగాను. ఆ ఇంట్లో మామగారు, అత్తగారు, పదో తరగతి రాసిన మా మరదలు చిట్టి, మామగారి తల్లి పైడమ్మ ఉండేవారు. ఆవిణ్ణి అందరూ మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. కొత్త అల్లుడి మాటకి ఎదురు చెప్పే ఆచారం ఆ ఇంట్లో లేదు. నాలాంటి వాడికి అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉండదు. వంకాయ కూర వడ్డిస్తుంటే ఒక ఓడ ముంచేవాణ్ణి, పెరుగు వేసేలోగా ఇంకోటి ముంచేవాణ్ణి. మామగారు "ఆహా" అనేవారు. అత్తగారు "అయ్యో" అనేవారు. మామ్మ ఒక్కర్తే ప్రశ్న వేసేది, ప్రతి ఓడకీ అదే ప్రశ్న.

"ములిగిపోనాదా? మరి మనుసులు ఎంతమంది ఒడ్డుకొచ్చేరు బాబూ?"

"అది కాదు మామ్మా, ఎంత లోతులో ఉందంటే..."

"లోతుకేటిలే. మనుసులో?"

నాకు మనుషుల లెక్క తెలియదు. లోతులు మాత్రం తెలుసు. పెద్దావిడకి సైన్సు ఎక్కదులే అనుకుని ఊరుకునేవాణ్ణి.

మామ్మకి ఒక మరచెంబు ఉండేది. మూత మర తిప్పి బిగించే ఇత్తడి చెంబు, చెవులూ పిడీ లేకుండా నున్నగా గుండ్రంగా ఉండేది. మామ్మ భర్త, ఎప్పుడో పోయిన తాత, రంగూన్‌కి కూలికెళ్లి, తిరిగొస్తూ తెచ్చిన చెంబు అది. వాళ్లంతా రంగూన్‌ని రంగం అనేవారు. మామ్మ ఆ చెంబులో తప్ప నీళ్లు తాగేది కాదు. దాన్ని ఆవిడ తప్ప ఎవరూ ముట్టేవారు కాదు.

ముట్టినవాణ్ణి నేనే. ఆ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. చిట్టికీ నాకూ పెరట్లో వాదన పడింది.

"ములిగిందంటే ములిగినట్టే గదా బావా. మళ్లీ తేలడమేటి? నువ్వు అలగే సెప్తావు."

"మూత బిగించిన సీసా ఊహించుకో. నీళ్లు పడితే మునుగుతుంది, తీసేస్తే తేలుతుంది."

"ఊయించుకోడం నాకు రాదు. సూపించు."

శిష్యురాలు సవాలు చేస్తే మాష్టారు ఆగుతాడా? అరుగు మీద మరచెంబు కనిపించింది. నీళ్ల గోలెంలో వేశాను, బాతుపిల్లలా తేలింది. సగం నీళ్లు పోసి మూత బిగించాను, నెమ్మదిగా మునిగింది. చిట్టి చప్పట్లు కొట్టింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ గోలెంలో లోతేదీ? లోతులేని సబ్‌మెరైన్ కూడా సబ్‌మెరైనేనా? చిట్టి జడ రిబ్బను విప్పించి, చెంబు మెడకి ముడేసి, నూతిలోకి దించాను. ఓడలు బళ్లవుతాయని మీరు వినే ఉంటారు. చెంబులు ఓడలైతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. రిబ్బను నూలుదైతే బతికిపోయేవాణ్ణి. అది పట్టు రిబ్బను. కొస నా వేళ్లలోంచి జారిపోయింది. చెంబు ఎర్రటి తోకతో సహా కిందికి పోయింది.

"మళ్లీ తేలతాదా బావా?" అంది చిట్టి.

నిద్ర లేచి మామ్మ నీళ్లడిగింది. సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ ఖాళీ అరుగు చూసింది, నన్ను చూసింది. "పోన్లే బాబూ. నూతిలోనే గదా, ఎక్కడికెళ్తాది" అంది. సత్యవతి గ్లాసుతో నీళ్లు తెస్తే, గ్లాసు ముట్టకుండా దోసిలి పట్టింది. "పొయ్యమ్మా" అని దోసిలితోనే తాగింది. నీళ్లు మోచేతుల దాకా కారాయి. ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండేది. కొత్త అల్లుణ్ణి ఎవరు తిడతారు? ఆ చెంబు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టందే ఆ ఊరు వదలకూడదని నిశ్చయించుకున్నాను.

మామగారు పాతాళగరిగె తెప్పించారు. నూతిలో పడిన బాల్చీలని తాడు కట్టి దేవడానికి వాడే ఇనప కొక్కేల గుత్తి అది. ఊరి మొత్తానికి ఒకటే ఉంది. దాన్ని ఉత్తినే ఇవ్వకూడదట, ఏదో ఒక వస్తువు కుదువ పెట్టుకోవాలట. పెళ్లికి మామగారు పెట్టిన చేతిగడియారమే కుదువపెట్టాను.

దేవడం మొదలైంది. ముందు ఒక తుప్పు బాల్చీ వచ్చింది. తర్వాత గరిటె. ఆ తర్వాత పెద్ద ఇత్తడి బిందె. దాన్ని చూడగానే అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిట్టగోడ అవతలి ఇల్లు ఆవిడ తోటికోడలిది, నుయ్యి ఇద్దరిదీ. ఆ బిందె తోటికోడలే కాజేసిందని అత్తగారు అనడం, ఇద్దరికీ మాటల్లేకపోవడం ఎన్నో ఏళ్ల సంగతి.

గోడ మీంచి ఒక తల లేచింది. "సూసుకోండర్రా! నాను దొంగనా? ఇప్పుడు సెప్పమనండి మీ అత్తగార్ని!"

"నూతిలో పడీసినట్టు నాకేటి తెలుస్తాదే?" అన్నారు అత్తగారు. ఆ ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి కాసేపు అరుచుకుని, తర్వాత కాసేపు ఏడ్చుకుని, సాయంత్రానికి కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నారు. సముద్రగర్భ పరిశోధనలో నేను సాధించిన ఒకే ఒక్క విజయం అది.

చెంబు మాత్రం రాలేదు. నున్నటి ఒంటికి కొక్కెం ఎక్కడ తగులుతుంది?

"నుయ్యి దిగే మనిసిని పిలిపిత్తాను బాబూ" అన్నారు మామగారు.

"ఎందుకండీ? నేనున్నానుగా. బోర్లించిన గ్లాసు నీళ్లలో ముంచితే లోపల గాలి ఉంటుంది. గంగాళం బోర్లించుకుని దిగితే ఎంతసేపైనా ఊపిరాడుతుంది."

"ఆహా" అన్నారాయన. అల్లుడు కదా మరి.

నడుముకి తాడు కట్టుకున్నాను. నెత్తిన అత్తగారి స్నానాల గంగాళం బోర్లించుకున్నాను. గంగాళంలోంచి పైవాళ్ల మాటలు గుడిగంటలో కూర్చుని విన్నట్టు వినిపించాయి. నీళ్లు మెడదాకా వచ్చాక గంగాళం ఆగిపోయింది. అంత గాలి నింపుకున్న పాత్ర మునగదని ఎనిమిదో తరగతికి ఏటా చెప్పేది నేనే. మా పిల్లలు అర్థం చేసుకున్నారు, నాకే అర్థం కాలేదు. రెండు చేతులా పట్టుకుని బలంగా కిందికి లాగాను. ఒక పక్క లేచింది. బుడబుడమని గాలంతా పోయింది. గంగాళం నన్ను వదిలేసి చెంబుకి తోడు వెళ్లింది. నేను రెండు గుక్కలు మింగి "లాగండి!" అని కేక పెట్టాను. పక్కనే వేలాడుతున్న పాతాళగరిగె తాడు కూడా ఎవరో లాగారు.

"నాన్నా, బావ పంచె వచ్చింది!" అని పైనుంచి చిట్టి కేక వినిపించింది.

"మరి బావేడే?"

బావ తర్వాత వచ్చాడు, చారల డ్రాయరుతో. ముందు అత్తగారు, గోడ మీంచి ఆవిడ తోటికోడలు, మధ్యలో నేను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు వెనక నుయ్యి ఉంది, గొయ్యి కూడా ఉంటే అందులో దూకేసేవాణ్ణి. సత్యవతి తువ్వాలు కప్పింది కానీ నవ్వాపుకోలేక నూతి గట్టు మీద కూలబడిపోయింది.

పొద్దు వాలుతుండగా, అరుగు మీద మామ్మ పక్కన చేరాను. "క్షమించు మామ్మా. తాత రంగం నుంచి తెచ్చిన చెంబు ముంచేశాను" అన్నాను.

మామ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అది రంగం సెంబు కాదు బాబూ. ఎవుల్తోటీ అనకు."

"మరి?"

"రంగం ఎల్లినపుడు మా నాన్న పెట్టిన సెంబు ఇచ్చి పంపేను. అడుగున సిలక బొమ్మ ఉంటాది. ఆయన తిరిగొచ్చేడు, సెంబు తెచ్చేడు. సూత్తే సిలక లేదు. ఏటయ్యా అంటే, సముద్రం గాలికి అరిగిపోనాది అన్నాడు. కొన్నాళ్లకి ఆ ఓడలోనే వచ్చిన కోటపాడు మనిసి కనిపించేడు. తుపానుకి ఓడ ములిగిపోనాదట. కట్టుబట్టల్తోటి ఒడ్డుకు కొట్టుకొచ్చేరట. నాను బయపడతానని ఆయన ఆ మాటే సెప్పనేదు. అనకాపిల్లి సంతలో కొత్త సెంబు కొని, అదే ఇది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను? నమ్మినట్టే ఉన్నాను. ఆయన పోయేదాకా అలగే ఉన్నాను. మనిసి ఒడ్డుకొచ్చేడు గదా. ఆయన అబద్దమాడి తెచ్చేడనే ఆ సెంబంటే నాకు పేణం."

లోకంలో ఓడలన్నీ ముంచుతూ తిరిగిన నేను, ఒక మునిగిన ఓడ ఎదురుగానే కూర్చుని దాన్ని గుర్తుపట్టలేకపోయాను. ఆవిడ ప్రతిసారీ మనుషుల సంగతే ఎందుకడిగేదో అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. మామ్మ నా వీపు తట్టి, "నువ్వూ అలగే సెయ్యి బాబూ. నమ్ముతాను" అంది.

మళ్లీ ఆదివారం, నా పట్టుదల గట్టున పెట్టి చోడవరం వెళ్లి, బజార్లో కొన్న మరచెంబుని హల్వా పొట్లం కింద దాచి తెచ్చాను. పాతాళగరిగె కొక్కేనికి దారంతో కట్టి చాటుగా నూతిలోకి దించి, "దొరికింది! దొరికింది!" అని అరుస్తూ పైకి లాగాను. అందరూ మూగారు.

"ఇదేటి, ఇలగ మెరుస్తన్నాది?" అంది సత్యవతి.

"ఇన్నాళ్లు నీళ్లల్లో నానినాది గదే. మురికంతా వొదిలిపోనాది" అని మామ్మ చెంబు అందుకుంది. తిప్పి తిప్పి చూసి, "అదే. అచ్చంగా అదే" అని నీళ్లు నింపించుకుని గటగటా తాగింది.

రెండు వేసవుల తర్వాత ఆ నూతిలో పూడిక తీయించారు. బురద తట్టలో ఒక మరచెంబు వచ్చింది, మెడకి ఎర్ర రిబ్బనుతో. చిట్టి రిబ్బను వైపు చూసింది, నా వైపు చూసింది. మామగారు మొదటిసారి "ఆహా" అనలేదు. నేను తట్ట చూడనట్టు నూతిలోకి తొంగి చూశాను.

మామ్మ కర్ర ఊతంతో వచ్చి చెంబు చేతిలోకి తీసుకుంది. బురద తుడిచింది. కొంగుతో ఇంకాసేపు తుడుస్తూనే ఉంది. "ఎవులిదో పాపం. మనది కాదు. మనది ఏనాడో దొరికింది గదా" అంది. తర్వాత దాన్ని సత్యవతి చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచుకో. మీ ఆయనికి అబద్దాలు బాగా వచ్చు" అంది.

ఆ చెంబు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. దాని సాక్షిగా, గంగాళం సాక్షిగా, పోయిన నా పరువు సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: బకెట్టు మొదలు బంగాళాఖాతం దాకా ఏ నీళ్లలోనూ, ఎవరి చెంబునీ, ఎంత చిన్న సవాలుకైనా సరే, ఈ జన్మలో దించను. టైటానిక్ దొరికిందని చాలా ఏళ్ల తర్వాత పేపర్లో చదివినప్పుడు కూడా ఎగిరి గంతెయ్యలేదు. ఫొటో వంక తేరిపార చూసి, "సత్యవతీ, ఇది అసలుదేనంటావా?" అన్నాను.