బెండకాయ పువ్వుల బొంత

ఇవాళ కూరకి బెండకాయలు తరుగుతుంటే పసుపు అంటిన వేలు ఒక ముక్కకి తగిలింది, ఆ పచ్చి జిగురు వాసనతో నర్సీపట్నంలోని మా అమ్మమ్మ పెరటి వసారా మొత్తం వచ్చి నా వంటింట్లో కూర్చుంది.

పిన్ని పురిటికి వచ్చిన వేసవి అది. గొలుగొండ వైపు నుంచి జీడిమామిడి పళ్ళు బుట్టల్లో దిగేవి, ఆ రసం గౌనుకి అంటితే అమ్మ మా వీపు విమానం మోత మోగించేది. పుట్టబోయే బిడ్డకి కొత్తబట్ట సిద్ధం చెయ్యకూడదు కాబట్టి అమ్మమ్మ తన పాత చీరలు పొరలుగా పరిచి, పైన తాతయ్య తెల్ల పంచె వేసి బొంత కుట్టడానికి కూర్చుంది. కుట్టు ఎలా నడపాలన్నదాని మీద ఇంట్లో పెద్ద సభ: అమ్మ గళ్ళు అంది, అమ్మమ్మ మల్లెమొగ్గలు అంది, పిన్ని ఏదైనా సరే అంది. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు, అప్పట్నుంచి ఆవిడ దేన్నీ గట్టిగా కోరుకోవడం మానేసింది.

నేను మాత్రం ఉత్త తెల్లబట్ట బాగోలేదు, పువ్వులు అద్దాలని పేచీ పెట్టాను. గుడ్డ పీలికల మీద జీడిపండు రసం, బీట్‌రూట్, గోరింటాకు అన్నీ ప్రయత్నించాం. రెండు తుప్పులా తేలాయి, ఒకటి నీళ్ళలో జాడించగానే పోయింది. చివరికి బెండకాయ అడ్డంగా కోసి పసుపు ముద్దలో ముంచి ఒత్తితే ఐదు రేకుల పువ్వు పడింది. చాలా రోజుల తర్వాత పిన్ని నవ్వి, తనూ ఒక వరస ఒత్తింది. అమ్మమ్మ ఆ పువ్వుల చుట్టూనే కుట్టు నడిపింది.

కుట్టడం అయ్యాక బొంతని బట్టల సబ్బుతో ఉతికితే పువ్వులన్నీ ఎర్రబడ్డాయి. తెల్ల పంచె మీద ఆ ఎర్ర మరకలు చూసి పిన్ని పొట్ట పట్టుకుని గోడకి జారగిలబడింది.

“అమ్మా, ఇదేటి? మళ్ళీనా?”

“ఏటే పిచ్చిదానా, పసుపుకి సున్నం తగిలితే పారాణి అవదేటి? సబ్బూ అంతే. బేగెల్లి నిమ్మకాయ తెండి,” అంది అమ్మమ్మ.

అలా అందే గానీ, ముందు ఓ మూల పువ్వు మీద రెండు చుక్కలే పిండి చూసుకుంది. రసం పడిన చోటల్లా ఎరుపు తగ్గి పసుపు తేలింది. పిన్ని ఆ కాయ లాక్కుని మిగిలిన పువ్వులన్నిటి మీదా తనే పిండింది. ఆఖరిది కూడా పచ్చబడ్డాక నేల మీద చతికిలబడి బావురుమంది. ఆ వారంలోనే పుట్టిన చెల్లి వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నప్పుడు మా ఇంటి గుండెల మీంచి బండ దిగింది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, పెరట్లో రేకుల షెడ్డు లేచింది, ఆ వీధిలో బొంత కుట్టేవాళ్ళూ లేరు. మా పువ్వులు ఎండకి ఎప్పుడో వెలిసిపోయాయి. సాయంత్రం పిన్నికి ఫోన్ చేస్తే, ఆ చెల్లికే నెలలు నిండుతున్నాయని బొంత తీసి ఉతికానని చెప్పింది. అంచు మడతలో ఎండ తగలని పువ్వొకటి మిగిలిందట, సబ్బు తగలగానే ఎర్రగా తేలిందట.

“నిమ్మకాయ పిండావా?” అన్నాను.

“ఎందుకే? పారాణే కదేటి, ఉండనీ,” అంది పిన్ని.