పరుపుల దుకాణం ముందు పొగ రాని బండి

మంచి ఇంజనును చంపడానికి అజ్ఞానం ఒక్కటే చాలదు, కొంత చదువు కూడా కావాలి. నా దగ్గర మెకానికల్ డిగ్రీ ఉంది. పైగా కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంటులో బాయిలరు చూసుకునే ఉద్యోగం. ఇన్ని అర్హతలున్నవాణ్ణి ఊరికే కూర్చోబెడితే దేశానికే నష్టం కదా!

చచ్చిన ఇంజను మస్తానుది. నాతో చదువుకున్నవాడు. నెల్లూరులో రైల్వే వంతెన దిగగానే వాళ్ళ నాయన ఖాదర్ చాచా పరుపుల దుకాణం ఉంటుంది. పరుపుల మీద మస్తానుకు నిద్ర తప్ప వేరే ఆసక్తి లేదు. చెన్నైలో ఎవరో కార్ల పిచ్చివాడి దగ్గర జపాను పాత స్పోర్ట్స్ కారొకటి కొనుక్కొచ్చాడు. దాంట్లో ఉన్నది రోటరీ ఇంజను. అంటే పిస్టన్లు ఉండవు, సమోసా ఆకారంలో ఉన్న ఇనుప ముద్దలు గూట్లో గిరగిరా తిరుగుతాయి. ఆ సమోసాల మూలలకు సన్నటి పట్టీలుంటాయి. ఇంజను ప్రాణమంతా ఆ పట్టీల్లోనే. అది చాలదన్నట్టు దానికో టర్బో, లోపలికి గాలిని బలవంతంగా కుక్కడానికి.

కోయంబత్తూరు నుంచి ఒక నిపుణుడు వచ్చి, ల్యాప్‌టాప్ తగిలించి, ఎంత గాలికి ఎంత పెట్రోలు పోవాలో అమర్చి వెళ్ళాడు. వెళ్తూ ఒక్క మాటన్నాడు. "టర్బో ఊదేటప్పుడు పెట్రోలు కాస్త ఎక్కువే పోతుంది. నల్లపొగ వస్తుంది. రానివ్వండి. ఏదీ ముట్టుకోకండి."

పొగ వచ్చింది. సరిగ్గా దుకాణం ముందు వేలాడదీసిన దిండు గలీబుల మీదికి వచ్చింది.

ఖాదర్ చాచా ఒక గలీబు తెచ్చి కొడుకు మొహం ముందు ఆడించాడు.

"ఏందిరా ఇది?"

"గలీబు నాయనా."

"ఏం రంగు?"

మస్తాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొద్దున తెలుపు."

"శుక్రవారం దాకా చూస్తా. ఈ పొగ మానిందా, బండి ఉంటది. మానలేదా, పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తా."

చాచా అన్నాడంటే చేస్తాడు. అప్పుడు పరుపుల దొంతర మీద కూర్చుని టీ తాగుతున్న మేధావి ఒకడు గొంతు సవరించుకున్నాడు. నేనే.

"పొగ మాన్పించడమే గదా చాచా! ప్లాంటులో నేను రోజూ చేసే పని అదే."

"అంత పెద్ద గొట్టంలో పొగ రాదా?"

"నల్లగా వస్తే నన్ను ఉండనిస్తారా?"

ఇక్కడ మీకు ఒక చిన్న పాఠం చెప్పాలి. బాయిలర్లో నల్లపొగ వచ్చిందంటే గాలి తక్కువైందని అర్థం. అవసరానికి మించి కాస్త గాలి ఇవ్వడమే అక్కడ క్షేమం. టర్బో రోటరీలో కథ తలకిందులు. అక్కడ కాస్త మిగులు పెట్రోలే లోపలి వేడిని చల్లార్చి ఇంజనును కాపాడుతుంది. ఈ రెండో ముక్క నాకు ఇప్పుడు చాలా బాగా తెలుసు.

మర్నాడు ఇందుకూరుపేట దాటి, రొయ్యల గుంటల మధ్య ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళాం. మస్తాను తోలుతున్నాడు. నా ఒళ్ళో ల్యాప్‌టాప్. ఒక పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్ళు గాలి పోతోందో చూపించే మీటరు మా ముందు ఉంది. టర్బో ఊదుతుంటే అది పదకొండు చూపిస్తోంది.

"పదకొండేనా! పరీక్షలో ఇట్టా రాస్తే సున్నా వేస్తారు. దాదాపు పదిహేను ఉండాల."

"ఆయన ముట్టుకోవద్దన్నాడు గదరా."

"ఆయన ఎప్పుడన్నా బాయిలరు చూసినాడా?"

"ఇది బాయిలరా?"

"యాడైనా నిప్పు నిప్పే రా!"

ఈ వాక్యాన్ని నేను ఫ్రేము కట్టించుకోవాల్సింది.

ల్యాప్‌టాప్‌లో పెట్రోలు పాలు తగ్గించాను. పన్నెండు. పొగ పలచబడింది. పదమూడు. వెనక అద్దంలో ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరిసింది. దానికి తోడు బండి ఇదివరకటి కన్నా హుషారుగా ఉరికింది.

"రేయ్, బో లాగతాందిరా!"

"చెప్పినా గదా. ఇంకొంచెం ఉండు."

పద్నాలుగు. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒక శబ్దం మొదలైంది.

"ఏందబ్బా అది?"

"గాలి బాగా ఆడుతాంది," అన్నాను శాస్త్రీయంగా.

కాసేపటికి ఆవాలు అయిపోయి, ఎవరో గిన్నెల బుట్టను గచ్చు మీద బోర్లించారు. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. పక్క గుంటలో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు మాత్రం ఎంతో స్పష్టంగా వినిపించింది.

కోయంబత్తూరుకు ఫోను చేశాను.

"మీటరు ఎంత చూపించింది?"

"పద్నాలుగు."

"టర్బో ఊదుతుండగానా?"

"అవును."

"వేడికి పెట్రోలు వేళ కాకముందే పేలింది. పట్టీలు విరిగాయి. ఇంతకీ మీరేం పని చేస్తుంటారు?"

చెప్పాను. "ఓహో" అని పెట్టేశాడు.

రొయ్యల మేత దించి ఊళ్ళోకి పోతున్న టెంపో ఒకటి మమ్మల్ని తాడు కట్టి లాక్కొచ్చింది. వంతెన మీదికి రాగానే మస్తాను తాడు విప్పేశాడు. "నాయన ఈ తాడు చూసినాడంటే కాటా ఆయనే తెస్తాడు." అక్కణ్ణుంచి అంతా దిగుడే. బండి హంసలా జారుకుంటూ వచ్చి దుకాణం ముందు ఆగింది.

చాచా బయటికొచ్చాడు. గలీబులు చూశాడు. సైలెన్సర్ చూశాడు.

"పిసరంత పొగ లేదే! చప్పుడు కూడా లేదు. సబాష్ నాయనా, చదువంటే ఇట్టా ఉండాల!"

నాకోసం వేడివేడిగా సమోసాలు తెప్పించాడు. తినలేకపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. చాచా తలుపు తీసుకుని ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. "పోనీరా మస్తానూ, సెంటరు దాకా ఒక తిప్పు తిరిగొద్దాం."

మస్తాను నావైపు చూశాడు. నేను సమోసావైపు చూశాను.

"చాచా, అది ఇంక కదల్దు."

చాచా నన్నూ, వంతెన దిగుడునూ, మళ్ళీ నన్నూ చూశాడు. "పొగ మాన్పించరా అంటే ఊపిరే మాన్పిస్తివే!"

అయినా ఆడిన మాట తప్పే మనిషి కాదు. "శుక్రవారం లోపల పొగైతే మానింది. బండి ఉంటది."

ఉంది. ఇప్పటికీ దుకాణం ముందే ఉంది. పైకప్పు మీద పరుపులు, బానెట్టు మీద దిండ్లు, అద్దాలకు తెల్లటి గలీబులు. కొత్త ఇంజను కోసం మస్తాను పరుపుల మీద నిద్ర మాని వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. నేనటు పోతే చాలు, చాచా కొనేవాళ్ళకు చూపిస్తాడు. "ఈ అబ్బాయే. ఈయన చెయ్యి పడినాక ఇంతవరకు పిసరంత పొగ రాలా."

కాబట్టి కృష్ణపట్నం చిమ్నీల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. బాయిలరుకు తప్ప ఇక ఏ నిప్పుకూ నేను గాలి కొలవను. మా ఆవిడ స్టవ్వు మంట తగ్గించమన్నా సరే, ముందు కోయంబత్తూరుకు ఫోను చేసే తగ్గిస్తాను.