చిన్నమామయ్య తల వెనక వెలుగు

ఆ రోజుల్లో మా వైపు మనిషి విలువ తేల్చడానికి ఎకరాలు అడిగేవారు కాదు. శుభకార్యం ఫ్లెక్సీలో అతని తలకాయ ఎంత సైజులో పడిందో చూసేవారు. (ఈ రోజుల్లోనూ అంతే. అప్పట్లో ఆ తలకాయలు కత్తిరించేవాణ్ణి నేను, అదొక్కటే తేడా.) డిగ్రీ ఫస్టుక్లాసులో పాసై, ఆ సంగతి లోకానికి పెద్దగా పట్టకపోవడంతో, సత్తెనపల్లిలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా చేరాను. డిజైనర్ అన్నది నా మాట. ఫోటోషాప్‌లో నాకు వచ్చిన విద్యలు మూడు: తల అంచుని వెనకనున్న బొమ్మలోకి మెత్తగా కలిపెయ్యడం, తల వెనక వెలుగు పెట్టడం, మనిషిని పల్చబరచడం. నాలుగోది, మొహం తెల్లబరచడం, సొంత వాడకానికి నేర్చుకున్నాను.

చేరిన నెలకే పెద్దమామయ్య కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. పెద్దమామయ్యా చిన్నమామయ్యా అమ్మకి అన్నా తమ్ముడూ. ప్రత్తిపాడు పక్కన ఒకే ఊళ్ళో, పక్కపక్క వీధుల్లో ఉంటారు. మాటల్లేక అప్పటికి రెండేళ్ళు. పెద్దమామయ్య దగ్గర అరువు తీసుకెళ్ళిన మందు కొట్టే పంపుని చిన్నమామయ్య నాజిల్ లేకుండా తిరిగిచ్చాడని ఒక వాదన, నాజిల్‌తోనే ఇచ్చానని ఇంకో వాదన. ఇంతకన్నా చిన్న కారణాలకి విడిపోయిన కుటుంబాలు మా వైపు ఉన్నాయి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పెద్దమామయ్య షాపుకొచ్చి ఫోటోల కట్ట టేబుల్ మీద పడేసి, "అల్లుడూ, అందర్నీ వెయ్యి. ఆ పంపోడి మొహం కనపడిందంటే మాత్రం ఫ్లెక్సీ అక్కడే చింపేస్తా" అని వెళ్ళాడు. ఆయన బస్సెక్కాడో లేదో అమ్మ ఫోను. "ఏరా, నా తమ్ముణ్ణి తీసేయమన్నాడంట గదా మీ మామయ్య? వాడి బొమ్మ లేకపోతే నేను గుమ్మం తొక్కను. మేనత్త లేకుండా పిల్లకి హారతి ఎవరిస్తారో చూస్తా!"

ఉంటే ఫ్లెక్సీ చిరుగుతుంది, లేకపోతే హారతి ఆగుతుంది. చదువుకున్నవాణ్ణి కదా, మధ్యేమార్గం ఆలోచించాను. పల్చబరిచే అంకె సున్నా పెడితే మనిషి మాయం, వంద పెడితే నిండుగా ఉంటాడు. చిన్నమామయ్యని ఇరవై దగ్గర ఆపాను. ఉన్నాడా అంటే ఉన్నాడు, లేడా అంటే లేడు. కింద వరసల్లో చివరి చోటు నా బొమ్మకే సరిపోయింది కాబట్టి ఆయన్ని పైన మబ్బుల్లో పెట్టాను. కత్తిరింపు వంకర కనపడకుండా అంచు మెత్తబరిచాను. వెతుక్కునేటప్పుడు అమ్మకి దొరకాలని తల వెనక చిన్న వెలుగు పెట్టాను. ప్రతి పనికీ నా దగ్గర ఒక మంచి కారణం ఉంది. (తర్వాత అవన్నీ వరసగా చెప్పాను. ఎవరూ వినలేదు.)

ఒక్క సంగతి మాత్రం తట్టలేదు. మా వైపు ఫ్లెక్సీల్లో మబ్బుల మధ్య పల్చగా, తల వెనక వెలుగుతో కనిపించేది ఈ లోకంలో లేనివాళ్ళు మాత్రమే. పోయిన తాతయ్యని ఆ పక్కనే, అవే హంగులతో, స్వయంగా నేనే పెట్టాను.

ఫంక్షన్ రోజు పొద్దున్నే సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పక్క ఊళ్ళో ఉండే చిన్నమామయ్య స్నేహితుడు అటు వెళ్తూ దాన్ని చూసి, బండి తిప్పి, బంతిపూల దండ కొనుక్కుని చిన్నమామయ్య ఇంటికెళ్ళాడు. వాకిట్లో చిన్నమామయ్య గేదెకి నీళ్ళు పెడుతున్నాడు.

"దండెందుకురా?" అన్నాడు చిన్నమామయ్య.

పాపం ఆయన, తెచ్చిన దండ వెనక్కి తీసుకెళ్ళడం మర్యాద కాదనుకుని ఆ మెడలోనే వేసేశాడు. "సెంటర్లో ఫ్లెక్సీ చూసిరారా, నీకే తెలుస్తుంది" అన్నాడు.

అప్పటికే ఎవరో చెప్పగా పెద్దమామయ్య సెంటర్‌కి వచ్చాడు. ఆయన వెనక నేను, అమ్మ. చింపుతాడనుకున్న మనిషి చింపలేదు. తండ్రి పక్కన మబ్బుల్లో తమ్ముణ్ణి చూస్తూ నిలబడిపోయాడు. ఇంతలో వెనక మోపెడ్ ఆగింది. తిరిగి చూస్తే, మబ్బుల్లో ఉండాల్సిన మనిషి మెళ్ళో దండతో.

"ఒరేయ్... బానే ఉన్నావారా?" రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

"నేను బానే ఉన్నా. నీ మేనల్లుడే నన్ను నాన్న దగ్గరికి పంపేశాడు!"

పెద్దమామయ్య కండువాతో మొహం తుడుచుకుని, "నాజిల్ పోయినేడే దొరికిందిరా. నా కొట్టంలోనే" అన్నాడు.

"పోయినేడా! మరి చెప్పవే?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?"

అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చుకునేలోపే అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "డిజైనరూ, ఇట్రా." వాళ్ళ సఖ్యతకి మొదటి ఫలితం నేనే. ట్రాక్టరు మీద నంబర్లు రాసే నల్ల పెయింటు తెప్పించి, నిచ్చెన ఎక్కించి, మనిషి బతికున్నట్టు కనపడేలా మీసం దిద్దమన్నారు. కింద అమ్మ నిచ్చెన పట్టుకుంది. చిన్నమామయ్య దండతోనే నిలబడి, "కుడిపక్క ఇంకాస్త మెలి తిప్పరా" అంటూ పర్యవేక్షించాడు. హారతి అమ్మే ఇచ్చింది. చిన్నమామయ్య పంక్తిలో అన్న పక్కనే కూర్చుని, చనిపోయినవాడు తినలేనంత తిన్నాడు.

ఈ మధ్య ఆ ఊరు వెళ్ళాను. మబ్బు పట్టిందని కల్లంలో మిరపకాయల మీద అన్నదమ్ములు పట్టా కప్పుతున్నారు. అదే ఫ్లెక్సీ. ఇన్నేళ్ళ ఎండకి తాతయ్య, మామయ్యలు, అత్తయ్యలు అందరూ ఇరవైకి దిగిపోయారు. నేను నా ఒక్కడికే వేసుకున్న తెలుపుని ఎండ వివక్ష లేకుండా అందరికీ వేసింది. కంప్యూటర్లో నేను చేసిన వెలుగులూ మెత్తటి అంచులూ ఆనవాలు లేవు. నిచ్చెన మీద నిలబడి చేత్తో దిద్దిన మీసం మాత్రం నల్లగా, కాస్త వంకరగా, అలాగే ఉంది.

"నీ పనితనం మొత్తంలో నిలిచింది ఇదొక్కటేరా" అన్నాడు చిన్నమామయ్య, అసలు మీసం తెల్లబడ్డ చిన్నమామయ్య. కింది వరస చివర ఎవరో కుర్రాడు, తెల్లగా, తనకి అన్నీ వచ్చన్న ధీమాతో నవ్వుతున్నాడు. వాడి మొహం మీద ఒక రాయి పెట్టమన్నారు, పట్టా ఎగిరిపోకుండా. మెల్లిగా, కొంచెం పక్కకి పెట్టాను.